చెంప చూపడం చేతగానితనమా?



మన యౌవనస్థులు ఇష్టంగా చూసే జపాన్ యానిమేలలో ‘ట్రైగన్’ ఒకటి. యాసుహిరో నైటో బొమ్మల కథ ఆధారంగా 1998లో 26 భాగాలుగా వచ్చింది. అందులో నాయకుడు వాష్. తుపాకీ పడితే అతనికి ఎదురు లేదు. అతని తలకు 6,000 కోట్ల డబుల్ డాలర్ల వెల కట్టారు. అయినా ఎవరి ప్రాణమూ తీయనని తీర్మానం చేసుకున్నాడు. తనను పెంచిన రెమ్ అనే స్త్రీ దగ్గర నేర్చుకున్న పాఠం అది.

24వ భాగంలో ఆ తీర్మానం తెగుతుంది. లెగాటో అనే దుర్మార్గుడు ఊరి మనుషులను తన వశం చేసుకుని, వాష్ స్నేహితురాళ్లిద్దరినీ వాళ్ల చేతే చంపించబోతాడు. తనను చంపితేనే వాళ్లు బతుకుతారన్నది అతని బేరం. వాష్ కాలుస్తాడు.

“చూశారా పాస్టర్ గారూ, అంతటివాడికీ చంపక తప్పలేదు. చెంప చూపడం వాక్యంలో బాగుంటుంది గానీ బతుకులో నడవదు” అంటున్నారు కొందరు. ఈ మాటను మేము ఒప్పుకోము.

మొదటిది, ఇది కథను సగంలో ఆపి చెప్పే మాట. వాష్ చేత హత్య చేయించి అతన్ని లోపల విరగ్గొట్టాలన్నదే లెగాటో కోరిక. తుపాకీ పేలాక నెగ్గింది ఎవరు? వాష్ గెలిచానని తొడ కొట్టలేదు, కుమిలిపోయాడు. అయినా తీర్మానాన్ని వదిలేయలేదు. ఇన్ని కష్టాలకూ మూలమైన సొంత అన్నదమ్ముడు నైవ్స్ ఆఖరి భాగంలో చేతికి చిక్కితే, చంపకుండా భుజాన మోసుకుపోయాడు.

రెండోది, ఇది పిరికితనం కాదు. వాష్ ఒళ్లంతా గాయాల మచ్చలే. అవన్నీ ఎదుటివాడిని బతకనిచ్చినందుకు అతను కట్టిన వెల. ఇది కథల్లోనే జరుగుతుందంటారా? మన తెలంగాణలో ఎన్నో ఊళ్లలో మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలున్నాయి. ఆ విశ్వాస వంశంలో పూర్వికుడు డర్క్ విలెమ్స్. 1569లో నెదర్లాండ్స్‌లో చెరసాల నుండి తప్పించుకుని మంచు గడ్డ మీదుగా పారిపోతుంటే, వెంటపడిన భటుడు మంచు పగిలి నీళ్లలో పడ్డాడు. డర్క్ వెనక్కి తిరిగి వచ్చి అతన్ని పైకి లాగాడు. దొరికిపోయాడు. సజీవంగా కాల్చేశారు. ఇతన్ని చేతగానివాడు అనగలమా?

ఇక్కడ ఒక హెచ్చరిక. చెంప చూపమన్న వాక్యాన్ని తీసుకెళ్లి, తాగొచ్చి కొట్టే భర్త దగ్గర నోరు మూసుకుని పడి ఉండమని చెల్లెళ్లకు చెప్పే పెద్దలున్నారు. అది సువార్త కాదు. ప్రధాన యాజకుని ఇంట్లో బంట్రౌతు కొట్టినప్పుడు ప్రభువు తిరిగి కొట్టలేదు, కానీ ఎందుకు కొట్టావని నిలదీశాడు (యోహాను 18). పోలీసులకు చెప్పడం పగ కాదు.

24వ భాగంలో వాష్ మీద రాయి వేయడానికి మాకు చేతులు రావు. అది నలిగిపోయిన మనిషి ఘడియ. కానీ మన గొడవల్లో అలాంటి ఘడియ ఎక్కడుంది? షామీర్‌పేట చుట్టుపక్కల భూముల ధరలు పెరిగాక అడుగు జాగా కోసం గెట్టు పంచాయితీ. పెళ్లిలో పిలవలేదని అలక. వాట్సాప్ గ్రూపులో ఒక మాటకు పది మాటలు. మన మెడ మీద ఏ లెగాటో కత్తి పెట్టాడు? నూటికో కోటికో వచ్చే కష్టాన్ని సాకుగా చూపి, రోజువారీ పగను పెంచుకుంటున్నాం. మన అసలు రోగం ఇదే.

అదే కథలో వుల్ఫ్‌వుడ్ అనే పాదిరి ఉంటాడు. భుజాన పెద్ద సిలువ మోస్తాడు. గుడ్డ విప్పితే లోపలంతా తుపాకులే. అది చూసి నవ్వుకునే ముందు మన మెడలో సిలువను తడిమి చూసుకుందాం. దాని కింద గుండెలో ఏం దాచాం? అన్నదమ్ముడితో మూడేళ్లుగా మాటల్లేకుండా బల్లారాధనకు చేయి చాపేవాళ్లం, మనం మోస్తున్నదీ ఆ సిలువే కాదా?

బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు (మత్తయి 5). వచ్చే బల్లారాధనలోగా ఆ ఇంటి తలుపు తట్టుదాం. వాళ్లు తీయకపోయినా తట్టుదాం. దానికి తుపాకీ పట్టేవాడికంటే ఎక్కువ ధైర్యం కావాలి.

ప్రభువు మనకు ఆ ధైర్యం దయచేయును గాక. ఆమేన్.