మొండితనం పేరుతో వేసే తప్పుడు శిక్ష

టైప్ 1 షుగర్ ఉన్న పదిహేనేళ్ల పిల్లకు గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 10 వచ్చిందంటే ఇంట్లో మొదట వినపడే మాట, "దీనికి బాధ్యత లేదు, ఒట్టి మొండిఘటం". డాక్టరు గదిలోనూ అదే మాట కాస్త మర్యాదగా వినిపిస్తుంది. ఇది తప్పుడు తీర్పు, పిల్లల ప్రాణాల మీదికి తెచ్చే తీర్పు.

ఈడొచ్చే వయసులో హార్మోన్లు ఇన్సులిన్ పనితనాన్ని తగ్గిస్తాయి. నిరుడు సరిపోయిన మోతాదు ఈ ఏడు చాలకపోవచ్చు. వేళకు సూది వేసుకున్నా షుగర్ పెరుగుతుంది. మోతాదు మార్చాల్సిన చోట పిల్లల్ని తిడుతున్నాం.

స్వభావానికి పాత్రే లేదనను. క్రమం తప్పని తత్వం ఉన్నవాళ్లకు రోజుకు నాలుగు సూదులు కొంత తేలికే. కానీ మందు పనిచేస్తుందన్న నమ్మకం లేకపోతే ఎంత బుద్ధిమంతులకైనా ఓపిక నిలవదు. బ్రిటన్‌లో స్కిన్నర్, హాంప్సన్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్సతో షుగర్ అదుపులో ఉంటుందని నమ్మిన పిల్లలే తిండి విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉన్నారు.

మరి మన పిల్లలకు మనం నేర్పుతున్న నమ్మకాలేమిటి? "ఇన్సులిన్ అలవాటైతే ఇక వదలదు" అంటారు చుట్టాలు. టైప్ 1లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను శరీరమే నాశనం చేసుకుంటుంది. అందుకే సూది మాన్పించి కాకరరసం తాగిస్తే, రక్తంలో ఆమ్లాలు పేరుకునే కీటోఅసిడోసిస్‌తో ఐసీయూకి చేరాల్సి వస్తుంది. "ఎవరికీ చెప్పకు, రేపు పెళ్లి కావాలి" అని ఆడపిల్లకు ఇంకో పాఠం. ఆ పిల్ల లంచ్ బెల్లు కొట్టగానే బడి బాత్రూంలో దూరుతుంది. గడియ సరిగా పడదు. చున్నీ కొంగు పళ్లతో పట్టుకుని ఇన్సులిన్ పెన్ను తిప్పుతుంటే ఎవరో తలుపు తడతారు. పెన్ను బ్యాగులో పడేసి బయటికొచ్చేస్తుంది. ఆ పూటకు సూది లేదు. సాయంత్రం మీటరు 320 చూపిస్తే నిర్లక్ష్యమంటాం.

కళ్లు పోతాయని మాత్రం తప్పకుండా బెదిరిస్తాం. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లపై జరిగిన డీసీసీటీ అనే అధ్యయనం 1993లో వెలువరించిన ఫలితాల్లో, 13 నుంచి 39 ఏళ్ల మధ్య ఉండి అప్పటికి రెటీనా దెబ్బతినని వాళ్లకు, షుగర్‌ను గట్టిగా అదుపు చేయడంతో ఆ ముప్పు 76 శాతం తగ్గింది. ఈ కబురు ఎంతమంది పిల్లలకు చెప్పాం?

అమ్మానాన్నలారా, ఈసారి రిపోర్టు చేతికొస్తే తిట్టకండి. "బళ్లో సూది ఎక్కడ వేసుకుంటున్నావమ్మా?" అని అడగండి. జవాబు విన్నాక హెడ్మాస్టరును కలిసి, మధ్యాహ్నం పది నిమిషాలు ఒక గది ఇమ్మని అడగండి.