చరిత్ర చదివిన కడుపు నిండునా?

పిల్లలను ఏ చదువునకు పంపెదరని భైంసాలో ఏ గృహస్థు నడిగినను వచ్చు ప్రత్యుత్తర మొక్కటియే. మార్కులు బాగుగా వచ్చిన వైద్యము, లేనిచో ఇంజనీరింగు, ఏదియు కుదరకున్న బి.ఏ. ఈ కడపటి మాట యనునపుడు ఆయన కంఠము తగ్గును. చరిత్ర, అర్థశాస్త్రము, సమాజశాస్త్రము, భాషాసాహిత్యములు తప్పిపోయిన పరీక్షకు ప్రాయశ్చిత్తము లని మన యిండ్లలో స్థిరపడినది. మేమును మా యింటి పిల్లవానికి మొదట ఇంజనీరింగే బోధించితిమి, దాచుట యెందుకు? ఈ భావము మఱియొక చోట పొరపాటు కావచ్చును. భైంసాలో మాత్రము ఇది ప్రమాదము.

ఏలయన, ఈ పట్టణమున కెన్ని చరిత్రలున్నవో ఈ పట్టణమునకే తెలియదు. 1956 నవంబరు 1వ తేదీ వఱకు భైంసా ఆదిలాబాదు జిల్లాలోనిది కాదు. నాందేడు జిల్లాలోని ముధోల్, భైంసా, కుబీరు సర్కిళ్ళు ఆ దినమున ఆంధ్రప్రదేశమున జేరినవి. కిన్వట్, రాజురా తాలూకాలు ఆదిలాబాదును విడిచి బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. 2016లో భైంసా నిర్మల్ జిల్లాలోని దైనది. ఇచట అత్తగారు మరాఠీ, కోడలు తెలుగు, వాకిట బేరగాడు ఉర్దూ మాటలాడుట వింత గాదు. ఆ మాటలు ఒక్క వాకిటి కెట్లు వచ్చినవో బడిలో నేర్పువారు లేరు. నేర్పువారు లేనిచోట పుకారే చరిత్ర యగును. 2008 అక్టోబరులోను, 2020 జనవరిలోను, 2021 మార్చిలోను ఈ వీధులలో మతకలహములు చెలరేగినవి. కలహమును పోలీసులు అణతురు, న్యాయస్థానములు విచారించును, సరియే. కాని ఏ పేటలో ఎవరు ఎన్నడు నిలిచిరి, ప్రత్తి బేరమున ఎవరికెవరు కట్టుబడి యున్నారు, ఒక వదంతి ఏ దారిని పోయి ఎవరి నోట పెద్దదైనది – ఈ విచారణ పోలీసుల పని గాదు. అది చదువుకొన్నవారి పని.

ఆ పని నేర్పవలసిన విద్యాలయము మనకు లేకపోలేదు. 1917లో నిజాము ఫర్మానా వెలువడినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. దేశభాషలో ఉన్నతవిద్య గరపుట సాధ్యమా యని పెద్దలు సందేహించు కాలమున అది ఉర్దూను బోధనభాషగా గైకొన్నది. అందుకై అనువాదశాలను నెలకొల్పి, పాశ్చాత్య చరిత్ర, తత్త్వ, అర్థశాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి దింపించినది. ఇది సామాన్య కార్యము కాదు. నేటికిని దీనికి దీటైన ప్రయత్నము మన దేశమున అరుదు. అయినను రాజ్యమున తెలుగు, మరాఠీ, కన్నడములు మాటలాడు ప్రజలే అధికులు. రాయప్రోలు సుబ్బారావుగారి వంటి కవి అచట తెలుగు బోధించినను, తెలుగు అచట నొక పాఠ్యాంశమే గాని బోధనభాష కాలేదు. 1939 డిసెంబరు 4న ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాలా భవనము ముందు నిలిచి మురియని తెలుగువాడు లేడు. ఆ మెట్లెక్కిన పల్లె పిల్లవాడు మొదట తన భాషను క్రింద విడిచి ఎక్కవలసి వచ్చెను. 1948 తరువాత ఉర్దూ తొలగి ఇంగ్లీషు వచ్చినది. అద్దెయిల్లు మారినది, సొంతయిల్లు రాలేదు. 1968లో వెలసిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకములు వ్రాయించిన మేలు మఱవరానిది. కాని పాఠ్యపుస్తకము పరీక్షను దాటించును. ఆలోచన పుట్టించుటకు మూలగ్రంథములు కావలెను.

ఈ విద్యను నిర్లక్ష్యము చేసిన ఫలము మన ప్రాంతమే యొకసారి చూచినది. అడవి హక్కుల కొఱకు నిలిచిన కుమ్రం భీము 1940లో జోడేఘాట్ వద్ద కాల్పులలో మరణించెను. ఆ తరువాతనే నిజాము ప్రభుత్వము, గోండుల కష్ట మేమో తెలిసికొనుటకు హైమండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని పంపినది. ఆయన మార్లవాయిలో నివసించి వారి భాష నేర్చెను. అచట గోండు ఉపాధ్యాయులకు శిక్షణ, గోండీ వాచకములు ఏర్పడినవి. పిమ్మట ఉస్మానియాలోను మానవశాస్త్రము బోధించెను. తుపాకి ముందు పోయినది, పండితుడు వెనుక పోయినాడు. ఆ క్రమము తలక్రిందుగా నుండవలసినది గదా!

అయినను కడుపు మాట యేమందురు. మంచిది. ఇంజనీరింగు పట్టము చేత బట్టుకొని వచ్చిన మన యువకులు నేడు హైదరాబాదు శిక్షణకేంద్రములలో రుసుము చెల్లించి ఏమి చదువుచున్నారు? సర్కారు కొలువుల పోటీపరీక్షలకు చరిత్ర, ఆర్థికవిషయములు, రాజ్యాంగము! నాలుగేండ్లు తక్కువ జేసి చూచిన విద్యనే పిదప డబ్బిచ్చి కొనుచున్నారు. తండ్రులు ఈ లెక్క వేసికొనరు.

భైంసాకు అతి సమీపమున బాసర గలదు. సరస్వతీదేవి సన్నిధిని అక్షరాభ్యాసము చేయింప దూరదేశములనుండి తల్లిదండ్రులు వత్తురు. అచటనే 2008లో సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసి, పల్లె పిల్లలకు ఆఱేండ్ల ఇంజనీరింగు విద్య నొసగుచున్నది. దానిని తగ్గింపుడని మేము కోరము. దాని ప్రక్కనే చరిత్ర, సాంఘికశాస్త్ర, భాషాశాఖలతో నొక పీఠము నిలుపుడనియు, తెలుగు, మరాఠీ, ఉర్దూ మూటిని చదువగల విద్యార్థులను తయారుచేయుడనియు, ఆనాటి అనువాదశాల వంటిది తెలుగునకై తిరిగి తెఱువుడనియు కోరుచున్నాము. వ్యయ మధికమందురా? 1917లో ఒక సంస్థానము మోయగలిగిన భారమును నేటి ప్రభుత్వము మోయలేదని మమ్ము నమ్ముమందురా?