నాగపుర తీర్మానము

1959 జనవరిలో నాగపురమున కాంగ్రెసు మహాసభ శ్రీ నెహ్రూగారి ప్రోద్బలమున నొక తీర్మానము గావించెను. భూకమతముల పరిమితి శాసనములు ఆ సంవత్సరాంతమునకే పూర్తి కావలెననియు, తుదకు గ్రామములందు సమష్టి సహకారసేద్యము నెలకొనవలెననియు దాని సారాంశము. భూమిపై రైతుహక్కు పోదనియు, నిర్బంధ ముండదనియు నెహ్రూగారు చెప్పుచునే యుండిరి. గుంటూరు మండలపు ఆచార్య రంగాగారు నమ్మరైరి. కాంగ్రెసును వీడి, అదే యేట రాజాజీతో గూడి స్వతంత్రపక్షమును నెలకొల్పిరి. ఆ భయము నిరాధారమని యనజాలము. గట్టు చెరిపిన పిదప, కాగితముపై హక్కున్న నేమి, తన చెక్క యేదో రైతు చూపగలడా?

అయినను సమష్టిసేద్యము దేశమున వేరూననే లేదు. నిజముగా దెబ్బతిన్నది పరిమితి. ఆంధ్రప్రదేశమున శాసనము 1961లో గాని రాలేదు. ఈలోపల అనేక పెద్ద కమతములు కొడుకుల పేరను, బంధువుల పేరను చీలిపోయినవి. వచ్చిన శాసనమైనను, భూమి తరగతినిబట్టి 27 మొదలు 324 యకరముల వఱకు ఉంచుకొననిచ్చెను. ఇక కూలివాని వాటాకు మిగిలిన దెంత?