సంఘపు కెమెరా: దాచి అమ్మవలెనా?

గత కార్యవర్గ సమావేశములో మన సంఘపు కెమెరాను అమ్మివేయవలెనని నిర్ణయము జరిగినది. ఆ నిర్ణయముతో మాకు పేచీ లేదు. ఎట్లు అమ్మవలెనన్న చర్చలో కొందరు సభ్యులు పలికిన పలుకులను మాత్రము ఈ పుటలలో ఖండింపక తప్పదు. వారు మాకు మిత్రులు. వయస్సున పెద్దలు కూడ. అయినను సంఘము పేర జరుగు అమ్మకము గనుక ధర్మపురిలోని సభ్యులందరును వినవలసిన మాట ఇది.

ముందు సంగతి తెలిపెదము. ఆ కెమెరా నికాన్ డి7200. 2016లో ఉగాది ఉత్సవములకని చందాలు వేసికొని కొంటిమి. పెన్నాగరము మీదుగా హొగెనకల్ విహారమునకు పోయినపుడు జలపాతపు తుంపర లోనికి దిగి అది మూగవోయినది. రిపేరు అంగడివారు లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డును మార్చి ఇచ్చిరి, బిల్లు రు. 16,400. నాటినుండి నేటివరకు చక్కగా పనిచేయుచున్నది. ఇంతవరకు సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

చిక్కు లెక్క దగ్గర వచ్చినది. కెమెరా షటరు ఎన్నిమార్లు తెరచి మూసికొన్నదో ఆ సంఖ్య కెమెరాలోనే నమోదగును. సంతలో ఎద్దు పండ్లు చూచి వయస్సు కట్టినట్లు, పాత కెమెరా కొనువారు మొదట ఈ సంఖ్యనే అడుగుదురు. డి7200 షటరును 1,50,000 మార్లకు పరీక్షించితిమని కంపెనీవారి మాట. మన కెమెరా తడిసిననాటికే 84,000 దాటినది. బోర్డు మారగానే లెక్క మరల మొదటినుండి ఆరంభమై నేడు 9,300 చూపుచున్నది. షటరు మాత్రము ఆ పాతదే. నిజమైన లెక్క 93,000 పైచిలుకు.

“ఆ 9,300 చూపుదము, ఊరకుందము. అది కెమెరా చెప్పిన మాట గాని మనము చెప్పినది కాదు గదా” అని ఒక సభ్యులు సెలవిచ్చిరి. చట్టము తెలిసిన మరియొకరు, మౌనము మోసము కాదని వత్తాసు పలికిరి.

మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవారమే. అయినను ఆ చట్టము తెప్పించి చదివితిమి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము, 17వ సెక్షను. అందు గుఱ్ఱపు ఉదాహరణ ఉన్నమాట నిజమే: రోగపు గుఱ్ఱమును వేలములో అమ్మువాడు నోరు మెదపకున్నచో అది మోసము కాదట. మన మిత్రులు అంతటితో పుస్తకము మూసిరి. ఆ వెంటనే గల ఉదాహరణలో కొనునది అమ్మువాని కుమార్తె, అప్పుడే మేజరైన పిల్ల. అట్టి బాంధవ్యమున్నచోట లోపము చెప్పుట తండ్రి విధి యని అక్కడ వ్రాసియున్నది. అటుపిమ్మటిది మరియు గట్టిది: “నీవు కాదనకున్న గుఱ్ఱము బాగున్నదనియే తలంతును” అని కొనువాడు పలికి, అమ్మువాడు మిన్నకున్నచో, ఆ మౌనము మాటతో సమానము.

ఇప్పుడు మన కెమెరాను కొనగోరి వచ్చినదెవరు? మన వీధి కుఱ్ఱవాడే. పెండ్లిండ్లకు ఫొటోలు తీసి నాలుగు రూపాయలు గడింపవలెనని అతని ఆశ. తల్లి గాజులు తాకట్టు పెట్టి సొమ్ము తెచ్చుకొనుచున్నాడు. అతడు ఏమియు అడుగడు. ఏల? ఇది మనవారి సంఘము, మన పెద్దల సొత్తు అని. అడుగకుండుటకు గల కారణమే మన మీది నమ్మకమైనప్పుడు, “అతడు అడుగలేదు” అనుట ఏపాటి న్యాయము? ముహూర్తపు వేళ షటరు పట్టివేసినచో పోయిన తాళిబొట్టు ఘట్టమును ఎవరు మరల తెచ్చి ఇత్తురు?

కొనువాడు తమిళుడైనచో చెప్పనక్కరలేదు గదా అని గొణిగినవారును కలరు. వారి పేరు వ్రాయము. తరతరములుగా ఈ ఊర మన అంగళ్ళు నిలిచినది ఎవరి కొనుగోళ్ళ మీదనో వారే లెక్క పుస్తకములు తీసి చూచుకొనవలెను.

ఇక ధర. కొన్న ధరలో సగము వేసి, దానిపై రిపేరు బిల్లును కలుపుమని కోశాధికారిగారి వాదము. రిపేరు వలన కెమెరా క్రొత్తది కాలేదు. పోయిన పని తిరిగి వచ్చినది, అంతే. మన అజాగ్రత్తకు అయిన ఖర్చును కొనువాని నెత్తిన పెట్టుట వర్తకము కాదు. పైగా కాలము మారినది. అద్దము లేని కెమెరాలు వచ్చిన పిమ్మట పాతవాని ధర దిగజారినది. కానన్ కంపెనీవారు తమ అద్దపు కెమెరాలలో అగ్రశ్రేణికి ఇదియే కడపటిదని 2021లోనే తేల్చిచెప్పిరి. అమ్మువారు అడుగు ధర వేరు, చేతులు మారు ధర వేరు. మేము విచారింపగా, రిపేరు ఎరుగని డి7200 బాడీ చేతులు మారునది రు. 24,000 ప్రాంతమున. తడిసినందులకు, అరిగిన షటరుకు రు. 6,000 తగ్గించి రు. 18,000 అనుట సబబు. లెన్సుకు తడి తగులలేదు. దానికి వేరుగ రు. 8,000.

రిపేరు మాట చెప్పిన ఎవరును కొనరను భయము వట్టిది. 2012లో వెలువడిన నికాన్ డి600 కెమెరాల ఫొటోలపై చుక్కలు పడుచున్నవని ఫిర్యాదులు పుట్టినవి. 2014లో కంపెనీవారు వారంటీ తీరినవానికి సైతము షటరు ఉచితముగా మార్చెదమని ప్రకటించిరి. నాటినుండి పాత డి600 కొను తెలివిగలవాడు రిపేరు జరిగినదా అని జంకడు. మార్పించిన చీటీ చూపుమనును. మన చీటీ మన బీరువాలోనే యున్నది. దానిని దాచుమనుచున్నారు!

కావున కార్యదర్శిగారికి మేము వ్రాసి యిచ్చినది ఇది. రిపేరు బిల్లు నకలును, పాత లెక్కను క్రొత్త లెక్కను కలిపి వ్రాసిన చీటీని కెమెరా పటకాకు కట్టవలెను. కొనువాడు ఏడు దినములు వాడి చూచి, నచ్చకున్న తిరిగి ఇచ్చి పూర్తి సొమ్ము పుచ్చుకొనవచ్చును. కెమెరాను ఆదివారము సాయంకాలము సంఘ కార్యాలయములో బల్లపై ఉంచెదము. రు. 18,000 ఎక్కువ యనువారును, తక్కువ యనువారును అక్కడికే వచ్చి ఆ చీటీ చదివి మాటలాడవలెనని కోరుచున్నాము.