ప్రకటన అర్థవాదం, ఆట వేరు

పాత వీడియో గేముల ప్రకటనలను యూట్యూబులో వెతికి చూసి మురిసిపోవడం మన మిత్రులలో కొందరికి అలవాటైంది. చూసిన ప్రతివారూ ఒకటే మాట అంటున్నారు: "ఆ కాలపు ప్రకటనలెంత అమాయకమైనవి! ఇప్పటివన్నీ మోసాలు!" ముప్పైయేళ్ళకు పైగా పిల్లలకు అలంకారాలు బోధించినవాణ్ణి గనుక ఈ మాట నా చెవికి ఇంపుగా లేదు. అమాయకత్వం చూసినవారిదే గాని ప్రకటనలది కాదని నా వాదం. ఓపికతో చదవండి, ఆపైన ఖండించేవారు ఖండించండి.

మొదట ప్రకటన అంటే ఏమిటో తేల్చుకుందాం. మీమాంసకులు వేదవాక్యాలను విభజిస్తూ విధి, అర్థవాదం అన్నారు. "ఈ పని చెయ్యి" అనేది విధి. ఆ పని మీద ఆసక్తి పుట్టించడానికి చేసే స్తుతి అర్థవాదం. స్తుతివాక్యానికి ముక్కస్య ముక్కగా అర్థం చెప్పుకోరాదు, అది ఏ విధికి తోడుగా వచ్చిందో చూడాలి. వ్యాపార ప్రకటనలో విధి ఒక్కటే: "కొను". తక్కినదంతా అర్థవాదం. ఈ సూత్రం తెలిసినవాడు ప్రకటన చూసి మోసపోడు, మురిసిపోడు కూడా.

ఇక పాతకాలపు "అమాయకత్వం" సంగతి. అమెరికాలో అటారీ సంస్థ 1980లో "అడ్వెంచర్" అనే ఆటను విడుదల చేసింది. పెట్టె మీద కోటలను, భయంకరమైన డ్రాగన్లను చిత్రించారు. పెట్టె విప్పి ఆడబోతే కథానాయకుడు ఒక చదరపు చుక్క. డ్రాగన్లు చూడబోతే బాతుల్లా ఉంటాయి. 1982 క్రిస్మస్ కోసం అదే సంస్థ "ఈ.టీ." ఆటను రమారమి ఐదు వారాల్లో ఒకే ప్రోగ్రామరు చేత రాయించింది. సినిమా పేరును, ప్రచారాన్ని నమ్ముకొని లక్షలాది క్యాసెట్లు తయారుచేసింది. అమ్ముడుపోక మిగిలిన సరుకును 1983లో న్యూమెక్సికోలోని ఆలమగోర్డో చెత్తగుంటలో పూడ్చారు. అది కట్టుకథేనని చాలాకాలం అనుకున్నవారున్నారు. 2014లో తవ్వి చూస్తే క్యాసెట్లు బయటపడ్డాయి. అమాయకత్వం అంటే ఇదేనా?

"అది అమెరికా గొడవ, మనకేమిటి?" అంటారేమో. మన ఊళ్ళకు వద్దాం. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ బజార్లలో 1990ల నాటికి దొరికినవి చాలావరకు నింటెండో యంత్రానికి నకళ్ళు. వాటికి అట్టపెట్టె, క్యాసెట్టు మీది కాగితమే ప్రకటన. ఆ కాగితం మీద "9999999 ఇన్ 1" అని ఉండేది. తొంభైతొమ్మిది లక్షల పైచిలుకు ఆటలన్నమాట! లోపల ఉండేవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని. అవే ఆటలు పేర్లు మార్చుకొని, ఒక్కోసారి మొదటి మెట్టుకు బదులు మూడో మెట్టు నుంచి మొదలయ్యేట్టు సర్దుకొని, పట్టికలో మళ్ళీ మళ్ళీ వచ్చేవి. కవులు సముద్రాన్ని పుక్కిట పట్టారంటే అతిశయోక్తి అలంకారమంటాం, ఎందుకంటే అక్కడ వినేవాడికీ చెప్పేవాడికీ అది అతిశయమని తెలుసు. కొనే తండ్రికి తెలియదని తెలిసి చెప్పిన అంకె అలంకారం కాదు, అబద్ధం.

అసలు సరుకు వచ్చినప్పుడు మాత్రం ఏం జరిగింది? సెగా వారి మెగా డ్రైవ్ యంత్రాన్ని 1995లో మన దేశంలో అమ్మినది మద్యం వ్యాపారంలో పేరుమోసిన షా వాలేస్ కంపెనీ. ధర 18,000 రూపాయలు. ఆనాడు ఒక బడిపంతులుకు అది నెలల తరబడి జీతం. అదే యంత్రాన్ని అమెరికాలో జెనెసిస్ పేరుతో అమ్ముతూ, నింటెండో చేయలేనిది ఇది చేస్తుందని 1990లో ప్రచారం చేశారు. దీనికీ మన శాస్త్రంలో పేరుంది. నహి నిందా న్యాయం: ఒకదాన్ని నిందించేది నిందించడానికి కాదు, మరొకదాన్ని పొగడడానికి. చూశారా, వారి తెలివికి మన పాత చిట్టాలో ముందే పద్దు రాసి ఉంది!

ఇంతవరకూ విని, "పంతులుగారు ఆటలన్నీ దండగ అంటారు కాబోలు" అనుకునేవారికి నా రెండో మాట. ప్రకటన అబద్ధమాడిందని ఆట చెడ్డది కానక్కరలేదు. ఆ నకిలీ క్యాసెట్లలోనే నామ్కో సంస్థ 1985లో చేసిన "బ్యాటిల్ సిటీ" ఉండేది. మన పిల్లలకు అది ట్యాంకుల ఆట. ఇద్దరు కలిసి ఒక పక్షాన నిలిచి తమ స్థావరాన్ని కాపాడుకోవచ్చు. అంతకుమించి, ఆటగాడు తానే ఇటుకలు, నీళ్ళు, చెట్లు పేర్చి కొత్త రణరంగాన్ని కట్టుకోవచ్చు. పిల్లవాణ్ణి కర్తను చేసే గుణమది. తొంభైతొమ్మిది లక్షల గొప్ప చెప్పిన కాగితం ఈ ఒక్క నిజమైన గొప్పను చెప్పలేదు.

"అడ్వెంచర్" సంగతీ అంతే. ఆనాడు అటారీ తన ఆటలకు కర్త పేరు వేసేది కాదు. దాన్ని రాసిన వారెన్ రాబినెట్ తన పేరును ఒక రహస్యపు గదిలో దాచాడు. మన చిత్రకవులు చక్రబంధంలో తమ పేరును ఇమిడ్చినట్లే! అదే అసంతృప్తితో బయటికి వచ్చిన ప్రోగ్రామర్లు 1979లో ఆక్టివిజన్ పెట్టుకొని కర్తల పేర్లు బాహాటంగా వేశారు. పెట్టె మీది బొమ్మ కూడా తెరమీది బొమ్మకు చుట్టంలా ఉండేట్టు గీయించారు. నిజం చెప్పి అమ్ముకోవడమూ సాధ్యమేనని దీనివల్ల తెలుస్తోంది.

మన నగరంలోనే జరిగిన ముచ్చట ఇంకొకటుంది. 2009లో హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం "హనుమాన్: బాయ్ వారియర్" చేసింది. పూర్తిగా భారతదేశంలోనే తయారైన తొలి కన్సోల్ ఆట అని చాటారు. వెంటనే విదేశాల్లోని కొందరు హిందూ ప్రతినిధులు, దేవుణ్ణి ఆటగాడి చేతి మీట కింద పెట్టడం అపచారమన్నారు. మన తోలుబొమ్మలాట వారు తరతరాలుగా తెర వెనుక పుల్లలతో హనుమంతుణ్ణి ఆడిస్తూనే ఉన్నారు కదా! అది భక్తే అయింది గాని అపచారం కాలేదు. అడగవలసిన ప్రశ్న వేరు: ఆట బాగున్నదా? సమీక్షకులు బాగాలేదన్నారు. "తొలి" అన్న స్తుతి ఒకవైపు, "అపచారం" అన్న నింద మరొకవైపు, రెంటి నడుమ ఆట గుణదోషాల విచారణ నలిగిపోయింది. అదే సంవత్సరం హైదరాబాదు గేమ్‌శాస్త్ర సంస్థ "దేశీ అడ్డా" పేరుతో కబడ్డీ, చిర్రగోనె, గాలిపటాలాటలను తెరకెక్కించింది. దాన్ని తలచేవారు ఈనాడు ఎందరు?

ఇదంతా ఎందుకంటే, ఈ ముచ్చట వినోదంతో ఆగలేదు గనుక. డబ్బు పెట్టి ఆడే ఆటల ప్రకటనలు పోయిన దశాబ్దంలో సెల్లుఫోను ద్వారా సాగరు దారిలోని మా పెద్దవూర వంటి ఊళ్ళ అరుగుల మీదికి వచ్చాయి. తెలంగాణ 2017లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2020లో ప్రకటనల మండలి, నష్టభయముందన్న హెచ్చరిక ప్రకటనలో ఐదోవంతు స్థలమైనా ఉండాలన్నది. చివరికి 2025లో పార్లమెంటు చట్టం చేసి డబ్బాటలనూ వాటి ప్రకటనలనూ నిషేధించింది. ప్రకటన వేస్తే రెండేళ్ళ వరకూ జైలు, 50 లక్షల వరకూ జరిమానా. మంచిదే. కాని చట్టం ఒక తలుపు మూస్తుంది, అర్థవాదం వేరే తలుపు తడుతుంది.

పాత ప్రకటనలు అమాయకమైనవని పిల్లలకు చెప్పేవారు, తెలియకుండానే వారి చేతిలోని కవచాన్ని లాగేస్తున్నారు. మోసం నిన్న మొదలైందని నమ్మినవాడు దాని పాత వేషాన్ని గుర్తుపట్టలేడు.

తెలుగు ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. అతిశయోక్తి పాఠం చెప్పేటప్పుడు పద్యంతో పాటు ఒక ప్రకటననూ బల్ల మీద పెట్టండి. స్తుతి ఏది, విధి ఏది, లోపల సరుకెంత అని పిల్లల చేతనే విడదీయించండి. ఆ పాత పెట్టెలను ముద్దుపెట్టుకోవడం కంటే వాటివల్ల కలిగే ప్రయోజనం ఇదే. కాదనేవారు కారణంతో కాదనండి, వింటాను.