నాజర్ చెప్పిన కరువు కథ, మన పిల్లల డొనేషన్ బాక్సు

ఎక్కడ వరదలొచ్చినా, తుఫానొచ్చినా మన స్కూళ్లలో డొనేషన్ బాక్సు తిరుగుతుంది. 2018లో కేరళకు తిరిగింది, 2024లో విజయవాడకు తిరిగింది. పిల్లవాడు ఇంటికొచ్చి వంద రూపాయలు కావాలంటాడు, మీరు కాదనకుండా ఇస్తారు, మరుసటి రోజు వాడు తెచ్చి బాక్సులో వేస్తాడు. ఎవరి కోసం రా అని అడిగితే, "తెల్దు సార్, మేడం తెమ్మనింది" అన్నవాళ్లే ఎక్కువ. డబ్బు చేరాల్సిన చోటికి చేరుతోంది, అందులో వంక పెట్టేదేమీ లేదు. కానీ పిల్లవాడికి మాత్రం ఏమీ చేరడం లేదు. ఇచ్చింది తండ్రి. వాడు మోసుకొచ్చాడంతే.

తెలుగు పాఠాలు చెప్పేవాడిగా ఈ మాట ఎత్తినప్పుడల్లా నాకు షేక్ నాజర్ గుర్తొస్తారు. బుర్రకథ పితామహుడని పేరున్న మనిషి. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో, పేద దూదేకుల ఇంట పుట్టారు. దూది ఏకి బతికే ఆ కులాన్ని పింజారీలు అంటారు. ఎదుటివాణ్ని తక్కువ చేయడానికి తిట్టుగా వాడే ఆ మాటనే తర్వాత ఆయన తన ఆత్మకథకు పేరుగా పెట్టుకున్నారు. ముస్లిం ఇంట పుట్టి పల్నాటి యుద్ధం చెప్పారు, బొబ్బిలి చెప్పారు, వీరాభిమన్యు చెప్పారు, క్రీస్తు కథ కూడా చెప్పారు. ఏ ఊళ్లోనూ జనం ఆయన్ను పరాయివాడు అనుకోలేదు. ఈ ఒక్క సంగతి మీద మన సోషల్ మాస్టర్లు ఒక పీరియడ్ మొత్తం మాట్లాడొచ్చు.

నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆయన చెప్పిన బెంగాల్ కరువు కథ గురించి. 1943లో బెంగాల్లో తిండి లేక, దాని వెంట వచ్చిన జబ్బులతో, ముప్పై లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. బర్మా జపాన్ చేతిలోకి పోయి అక్కడి బియ్యం ఆగిపోయింది. ఉన్న బియ్యం ధర కూలివాడికి అందనంత పైకి పోయింది. గింజలు బొత్తిగా లేక కాదు, కొనే శక్తి లేక జనం చచ్చారని తర్వాత అమర్త్య సేన్ వివరంగా రాశారు. ఆ సంవత్సరమే ప్రజానాట్యమండలి పుట్టింది. దేశంలో చాలాచోట్ల కళాకారులు దళాలుగా తిరిగి, పాడి, ఆడి, బెంగాల్ కోసం విరాళాలు పోగుచేశారు. ఇక్కడ నాజర్ ఆ కరువునే బుర్రకథగా కట్టి చెప్పారు. అప్పటికి ఆయనకు ఇరవై పైన నాలుగైదేళ్లు ఉంటాయేమో.

బెంగాల్ ఎక్కడ, మన పల్లె ఎక్కడ? ఫోటో లేదు, టీవీ లేదు, చాలామందికి చదువు కూడా లేదు. అయినా కథ అర్థమైందంటే ఆ గొప్ప బుర్రకథ కట్టుబాటులోనే ఉంది. నడుమ తంబూరా భుజాన వేసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని కథకుడు నిలబడతాడు. రెండు పక్కలా గుమ్మెటలు పట్టుకుని ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, జనం లేచిపోకుండా కూర్చోబెట్టేది వాడే. రెండో వంత రాజకీయం చెబుతాడు. అదెందుకు అలా జరిగింది, బియ్యం ఎవరి గోదాములో ఉన్నాయి, సర్కారు ఏం చేస్తోంది అని అడిగేది వాడే. జాలి పుట్టించి వదిలేయకుండా, కారణం అడిగే మనిషిని కథలోనే పెట్టారు మన పెద్దలు. మన డొనేషన్ బాక్సులో లేనిది ఈ రెండో వంతే.

ఆ రోజుల్లో బుర్రకథ కమ్యూనిస్టుల చేతిలో ఉండేది కదా అని మీలో కొందరు అనుకోవచ్చు. నిజమే. నాజర్ ఆ ఉద్యమం మనిషే. బుర్రకథను సర్కారు నిషేధించిన రోజులూ ఉన్నాయి. అదే బుర్రకథతో తర్వాత సర్కారే ఊరూరా కుటుంబ నియంత్రణ గురించి చెప్పించింది. 1986లో నాజర్‌కు పద్మశ్రీ కూడా ఇచ్చింది. ఆయన 1997లో కన్నుమూశారు. తంబూరా ఏ పార్టీదీ కాదు, ఎవరు పట్టుకుంటే వాళ్లది.

ఇలాంటివాళ్లు బయట దేశాల్లోనూ ఉన్నారు. అమెరికాలో హ్యారీ చాపిన్ అని ఒక జానపద గాయకుడు, తన పాటలు తనే రాసుకునేవాడు. కచేరీల్లో దాదాపు సగం సాయం కోసమే చేశాడు. 1975లో ఆకలి సమస్య మీద పనిచేసే సంస్థ పెట్టాడు. 1981లో కారు ప్రమాదంలో పోయేనాటికి ఆయనకు 38 ఏళ్లు. మన రవిశంకర్, జార్జ్ హారిసన్ కలిసి బంగ్లాదేశ్ కాందిశీకుల కోసం న్యూయార్క్‌లో పెద్ద కచేరీ చేసింది 1971లో. పిల్లలు ఇవి ఇంగ్లీషు పుస్తకంలో చదివితే మంచిదే. అంతకు ముప్పై ఏళ్ల కిందట మన తెలుగు పల్లెల్లో ఈ పనే జరిగిందని తెలియకపోవడమే బాధ.

మన ప్రాంతానికి కరువు పరాయి మాట కాదు. 1876లో మొదలైన ధాత కరువు పేరు మన జిల్లాలో ముసలివాళ్లు ఇంకా తలుస్తారు. 1952లో రాయలసీమ కరువుకు ఎన్.టి.రామారావు వంటి సినిమా నటులు ఊళ్లు తిరిగి జోలె పట్టారు. అంత దూరం ఎందుకు? బోర్లు ఎండి చీనీ చెట్లు కొట్టేసిన తోటలు పులివెందుల చుట్టుపక్కల మీరే చూసి ఉంటారు. జమ్మలమడుగు వైపు మగ్గం వదిలి ఆటో పట్టుకున్నవాళ్లున్నారు. ఆ ఇళ్ల పిల్లల్లో కొందరు మన తరగతుల్లోనే కూర్చుంటున్నారు, ఫీజు కట్టడానికి వాళ్ల అమ్మానాన్నలు ఎంత తిప్పలు పడుతున్నారో పక్క బెంచీ పిల్లవాడికి తెలియదు.

అందుకే ఈ యాన్యువల్ డేలో ఇరవై నిమిషాలు అడుగుతున్నాను. సినిమా పాటల డ్యాన్సులు తీసేయమని కాదు, పిల్లలు ఊరుకోరు, మీరూ ఊరుకోరు! పన్నెండు డ్యాన్సుల్లో రెండు తగ్గితే చాలు. ప్రతి బ్రాంచిలో ముగ్గురు పిల్లలు, ఒక తంబూరా, రెండు గుమ్మెటలు. కథ పిల్లలే రాస్తారు. ఒక చీనీ రైతు దగ్గరికో, ఒక నేతన్న దగ్గరికో వెళ్లి మాట్లాడి, పంట ఎందుకు పోయింది, చీర ధర ఎవరు నిర్ణయిస్తారు అని అడిగి తెలుసుకుని రాస్తారు. ఆ రోజు డొనేషన్ బాక్సు కథ అయ్యాక తిప్పుదాం. వంద రూపాయలు వచ్చేచోట యాభై వచ్చినా నాకు ఫరవాలేదు.

మార్కులు పోతాయన్న భయం వద్దు. మూడు వందల మంది ముందు తడబడకుండా నిలబడి, తాళం తప్పకుండా ఇరవై నిమిషాల కథ గుర్తుపెట్టుకుని చెప్పగలిగిన పిల్లకు, ఎనిమిది మార్కుల జవాబు ఒక లెక్కా? ఫౌండేషన్ క్లాసు టైములో ప్రాక్టీసు పెట్టం, శనివారం సాయంత్రాలు చాలు.

చిక్కల్లా నేర్పేవాళ్ల దగ్గరే ఉంది. మా తెలుగు టీచర్లలో పద్యం చెప్పగలిగినవాళ్లం ఉన్నాం గానీ గుమ్మెట పట్టగలిగినవాళ్లు లేరు. శ్రావణ శనివారాల్లో మీరు గండి అంజనేయస్వామి దగ్గరికి పోయే దారిలో చెక్కభజన ఆడే ఊళ్లు కొన్ని ఉంటాయి, అక్కడ ఒకప్పుడు బుర్రకథ చెప్పిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే కనుక్కోండి. మీ తాతగారో, మీ పెదనాన్నో వంత పాడి ఉంటే ఇంకా మంచిది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బ్రాంచిల్లో ఎక్కడైనా సరే, పిల్లవాడి డైరీలో పేరు, ఊరు రాసి పంపండి. మేమే వాళ్లింటికి వెళ్లి అడుగుతాం. వాళ్ల రానుపోను ఖర్చు, తాంబూలం స్కూలు చూసుకుంటుందని ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు.