కొరివి దెయ్యం ఎటు పోయింది?



కొరివి దెయ్యం మాట వినని ఇల్లు మన కృష్ణా డెల్టాలో అరుదు. బందరు కాలువ గట్టు వెంట, దివిసీమ చేలలో, కొల్లేటి పల్లెల్లో రాత్రివేళ దూరాన ఒక వెలుగు కనబడుతుందట. మనం ఆగితే అదీ ఆగుతుందట, నడిస్తే ఇంకా దూరం జరుగుతుందట. దాని వెంట పోయినవాడు తెల్లవారేసరికి ఏ బురదలోనో ఉంటాడట. గృహ కూటములకు వెళ్లినప్పుడు, "అయ్యగారూ, మా వాడు ఆ వెలుగు చూచి జడుసుకొన్నాడు, ప్రార్థన చేయండి" అని అడిగే తల్లులు ఈనాటికీ ఉన్నారు. ప్రార్థన చేస్తాము. ఆ తరువాత పిల్లవాణ్ణి ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఆ వెలుగు ఏ రంగుది, వెలిగి వెలిగి ఆరిందా, ఆరకుండా ఉన్నదా అని అడుగుతాము. పచ్చగా వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది అంటాడు. అలా వెలిగి ఆరేది మిణుగురు పురుగు. (చీకట్లో గట్టు మీద ఒంటరిగా నడవడం ప్రమాదమే. అయితే అది దెయ్యం వలన కాదు, కట్లపాము వలన. చేతిలో టార్చిలైటు ఉండాలి.)

ఈ భయం మన ఒక్కరిదే కాదు. ఇంగ్లాండు పల్లెల్లో కూడా, బురద నేలల మీద వెలుగు చూపి బాటసారులను దారి తప్పించే 'విల్ ఓ ది విస్ప్' కథలు ఉన్నాయి. 1974లో అమెరికాలో మొదలైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఊహల ఆటలో దానిని ఒక భూతంగా చేర్చుకొన్నారు. 1980లలో ఆ ఆట మీద అక్కడి సంఘాల్లో పెద్ద రభస జరిగింది. ఆటలోని భూతం సంగతి అటుంచండి. అదే దేశపు గడ్డిలో అంతకంటె గడుసుది ఒకటి నిజంగానే ఉన్నది.

మిణుగురులు మెరవడం పెండ్లి సంబంధం కోసం. మగది ఎగురుతూ తన జాతి లెక్క ప్రకారం మెరుస్తుంది. గడ్డి మీద కూర్చున్న ఆడది కొంచెం ఆగి బదులు మెరుస్తుంది. ఎంతసేపు ఆగాలి అన్నది కూడా జాతికొక తీరు. అమెరికాలోని ఫొట్యూరిస్ అనే రకపు ఆడపురుగు, ఇంకొక జాతి ఆడదాని సైగను అచ్చంగా అనుకరించి బదులిస్తుంది. సంబంధం కుదిరిందని దిగివచ్చిన మగదానిని పట్టి తినేస్తుంది. జేమ్స్ లాయిడ్ అనే శాస్త్రవేత్త ఈ సంగతిని 1965లో లోకానికి తెలిపాడు. అది ఆకలికోసమే తినడం లేదని 1997లో థామస్ ఐస్నర్, ఆయన తోటివారు తేల్చారు. తిన్న పురుగుల ఒంట్లోని విషం దీని ఒంట్లోకి చేరి, సాలీళ్లు దీనిని తినకుండా కాపాడుతుంది. ఎంత టక్కరితనం!

మన చేలలో ఆ రకం లేదు. అయినా మన మిణుగురు కూడా వేటగాడే, అదీ చిన్నతనంలో. చెమ్మ నేలలో, కుళ్లిన ఆకుల క్రింద దాని పిల్లపురుగు నెలల తరబడి బ్రతుకుతుంది. చూడడానికి పొలుసులు అతికించినట్టు చదునుగా ఉంటుంది. రాత్రిళ్లు జిగురు జాడ పట్టుకొని నత్తను వెదికి కరుస్తుంది. ఆ కాటుతో నత్త కదలలేదు, దాని మాంసం కరిగి రసమవుతుంది. దానిని పీల్చుకొంటుంది. కూరపాదుల లేత ఆకులు కొరికే నత్తలను ఒక పైసా ఖర్చు లేకుండా ఏరిపారేసే కూలీ అన్నమాట. జపానులో వరి చేల నీటిలోనే పెరిగి నత్తలను తినే మిణుగురు జాతి కూడా ఉన్నది. రెక్కలు వచ్చిన తరువాత బ్రతికేది కొద్ది వారాలే. చాలా జాతులు అప్పుడు తిండి కూడా సరిగా ముట్టవు.

దాని దీపం సంగతి కూడా చెప్పాలి. పొట్ట చివర ఉండే లూసిఫెరిన్ అనే పదార్థం గాలిలోని ఆక్సిజనుతో కలిసినప్పుడు వెలుగు పుడుతుంది, వేడి దాదాపు పుట్టదు. లాంతరు చిమ్నీ ముట్టుకొంటే చేయి కాలుతుంది. మిణుగురును అరచేతిలో పెట్టుకొన్న పిల్లలకు చేయి కాలడం ఎవరైనా చూచారా?

ఇప్పుడు అసలు మాట. మన రాష్ట్రంలోని బర్రంకుల గ్రామపు పొలాల్లో 1996లో పది చదరపు మీటర్లకు, అంటే ఇంచుమించు పావు సెంటు నేలకు, 500కు పైగా మిణుగురులు ఉండేవి. 2019లో అదే మేర నేలలో 10 నుండి 20 వరకే లెక్కకు వచ్చాయి. కరెంటు వచ్చాక దెయ్యాలు పారిపోయాయని మన పెద్దలు నవ్వుతూ అంటుంటారు. పారిపోయింది ఏదో ఆ లెక్క చూస్తే తెలుస్తుంది. వీధి దీపాలు, చేపల చెరువుల గట్ల మీద తెల్లవార్లూ వెలిగే బల్బులు ఉన్నచోట మగదానికి ఆడదాని చిన్న మెరుపు కనబడదు. కనబడకపోతే గుడ్లు లేవు. ఇక గుళికలు, పిచికారీ మందులు నేలలోని పిల్లపురుగుకు తగులుతాయి. గట్ల మీద గడ్డిమందు కొడితే అది దాక్కొనే నీడ కూడా పోతుంది.

కౌలు కట్టి, అప్పు తెచ్చి, దోమపోటుకు చేను ఎండిపోతుంటే రైతు చేతులు ముడుచుకొని కూర్చోవాలని మేము అనము. అలా అనేవారు చేలో దిగినవారు కారు. కాని పురుగు ఉన్నదో లేదో దుబ్బు తట్టి చూడకుండా, ప్రక్క చేనువాడు కొట్టాడు గనుక మనమూ కొట్టాలనే పద్ధతి మాకు ఏనాడూ నచ్చలేదు. డబ్బు పోతుంది, చేనుకు కాపలా ఉన్న పురుగులూ పోతాయి.

తొలకరి పడిన తరువాత ఒక చీకటి రాత్రి ఇంటి బయటి దీపం ఆర్పి, పిల్లలను వెంటబెట్టుకొని దొడ్లోనో చేని గట్టునో అరగంట నిలబడండి. పావు సెంటు మేర కళ్లతో కొలుచుకొని, ఎన్ని మెరుస్తున్నాయో పిల్లల చేతనే లెక్కపెట్టించండి. ఊరి పేరు, తారీఖు, సంఖ్య వ్రాసి మాకు పంపండి. సున్నా అయితే సున్నా అనే వ్రాయండి.